తల వెనక ఇంజెక్షన్ వేయించుకోవాలా, మాత్రలతోనే నెట్టుకురావాలా?

డాక్టరు గారు "తల వెనక నరానికి చిన్న ఇంజెక్షన్ ఇద్దాం, ఇంట్లో మాట్లాడుకోని రండి" అని పంపించేస్తారు. మనం ఫైలు చంకలో పెట్టుకోని నెల్లూరు పొగతోట ఆసుపత్రుల సందులోకి వచ్చి, ఎండలో నిలబడి ఇంటికి ఫోన్ చేస్తాం. అవతల అమ్మ "నరానికి సూదా? వద్దమ్మా, చెయ్యో కాలో పడిపోతే ఎట్టా?" అంటుంది. మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. ఎటూ తేల్చుకోలేక మూడు వారాలు తిరిగాను, ఆ మూడు వారాలూ రోజుకు రెండు నొప్పి మాత్రలు మింగుతూనే తిరిగాను.

నేను డాక్టర్ని కాదు. కావలిలో రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాస్తాను. మేత బస్తా మూతి విప్పితే వచ్చే ఆ వాసన ఉంది చూశారా, మామూలు వాళ్లకు ముక్కు మూసుకుంటే సరిపోతుంది, నాకు మాత్రం నొప్పి ఎడమ కణత దగ్గర మొదలై సాయంత్రానికి కంటి గుడ్డు వెనక్కి చేరుతుంది. 11 ఏళ్లుగా మైగ్రేన్. ఈ నెర్వ్ బ్లాక్ (నరం దగ్గర మొద్దుబార్చే మందు వేసే) ఇంజెక్షన్ రెండుసార్లు వేయించుకున్నాను, ఒకసారి దండగగా, ఒకసారి సరిగ్గా. మందు రెండుసార్లూ దాదాపు అదే. తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎంచుకునే పని పెట్టుకోకూడని తలనొప్పులు

కొన్నిటికి పోలికలు, ఆలోచనలు ఏమీ ఉండవు, వెంటనే పెద్దాసుపత్రికి పోవడమే. పిడుగు పడ్డట్టు నిమిషంలోపే భరించలేనంతగా వచ్చిన నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చెయ్యి కాలు బలహీనపడటం, చూపు తగ్గడం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. గర్భిణులకు, బాలింతలకు కొత్తగా తీవ్రమైన తలనొప్పి వస్తే "నిద్ర లేక" అని సరిపెట్టొద్దు, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ రోజుల్లో ఎక్కువ. 50 దాటాక మొదటిసారి తలనొప్పి మొదలై, నమిలేటప్పుడు దవడ లాగుతూ, దువ్వుకుంటే మాడు మీద నొప్పి పుడుతుంటే అది కంటి చూపునే పోగొట్టే రక్తనాళాల జబ్బు కావచ్చు. ఇవేవీ లేవని డాక్టరు తేల్చాకే మిగతా మాటలు.

ఏం చూసి ఎంచుకోవాలి

నా లెక్కలో నాలుగే నాలుగు విషయాలు. డబ్బు కూడా ఉంటుంది, దాని సంగతి తర్వాత చెప్తా.

మొదటిది, మీది ఏ తలనొప్పి. రెండోది, నెలలో ఎన్ని రోజులు. నెలకు 15 రోజులు, అంతకంటే ఎక్కువగా, మూడు నెలలకు పైగా తలనొప్పి ఉంటూ, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో ఉంటే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు, దానికి వాడే మందుల దారే వేరు. మనకు "ఎప్పుడూ ఉంటదండీ" అని చెప్పడం అలవాటు. అట్టా కాకుండా వంటగదిలో గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, అందులో నొప్పి వచ్చిన తేదీకి సున్నా చుట్టండి, మాత్ర వేసుకున్న రోజు ఆ సున్నాలో అడ్డగీత పెట్టండి. రెండు నెలల కాగితాలు ఫోటో తీసి పట్టుకెళ్తే డాక్టరుకు మీ నోటి మాట కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

మూడోది ఆ అడ్డగీతల లెక్క. అన్నిటికంటే ముఖ్యం ఇదే, ఎవరూ అడగనిదీ ఇదే. ముందే తలనొప్పి జబ్బు ఉన్న మనిషి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, లేదా మైగ్రేన్ నొప్పికి ఇచ్చే ట్రిప్టాన్లు, ఎర్గటమిన్, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు (సారిడాన్ లాంటివి) నెలకు 10 రోజులు చొప్పున మూడు నెలలకు పైగా మింగితే, ఆ మాత్రలే తలనొప్పి పుట్టించడం మొదలుపెడతాయి. నొప్పికి మాత్ర, మాత్రకు నొప్పి. నా మొదటి క్యాలెండర్‌లో 22 అడ్డగీతలు ఉన్నాయి.

నాలుగోది మీ ఒంట్లో ఇంకేం ఉన్నాయి: షుగరు, ఆస్తమా, రక్తం పలచబడే మందులు, గర్భం, కిడ్నీలో రాళ్లు. కింద చెప్పే ప్రతి దారిలోనూ వీటిలో ఏదో ఒకటి అడ్డం తగులుతుంది.

నొప్పి వచ్చినప్పుడే మాత్ర

నెలకు నాలుగైదు సార్లు మాత్రమే వచ్చేవాళ్లు ఇంజెక్షన్ గురించి చదువుతూ కూర్చోనక్కర్లేదు. నొప్పి మొదలైన గంటలోపే సరిపడా డోసు వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. మనవాళ్లు చేసేదేమంటే కాఫీ తాగి చూసి, అమృతాంజనం రాసి చూసి, గుడ్డ బిగించి కట్టి చూసి, వాంతి అయ్యాక అప్పుడు మాత్ర వేసుకుంటారు. మైగ్రేన్‌లో పొట్ట నెమ్మదిస్తుంది, అప్పుడు మింగిన మాత్ర సరిగా ఒంటికి పట్టదు. వారానికి రెండు రోజులు మించి మాత్ర అవసరమవుతోందంటే మాత్రం ఈ దారి మీకు అయిపోయినట్టే.

రోజూ వేసుకునే మాత్రలు

ఇవి నొప్పి తగ్గించేవి కావు, నొప్పి రాకుండా ఆపేవి. ప్రొప్రానొలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఫ్లూనరిజిన్ ఇక్కడ ఎక్కువగా రాస్తారు. చౌకగా దొరుకుతాయి, కందుకూరులో అయినా పొదిలిలో అయినా మందుల షాపులో ఉంటాయి. గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు నెలలు. సగం మంది రెండు వారాలకే "ఏం పనిచేయలా" అని మానేస్తారు, నేను ఒకసారి పది రోజులకే మానేశాను.

ఇంకో సంగతి, అమిట్రిప్టిలిన్ చీటీ చూసి మందుల షాపు అబ్బాయి "అక్కా, ఇది డిప్రెషన్ బిళ్ల కదా" అని మెల్లగా అన్నాడు. ఆ మాటతో ఇంట్లో పెద్ద చర్చ అయింది. తలనొప్పికి మొదట ఇచ్చేది 10 మిల్లీగ్రాముల లాంటి చిన్న డోసు, రాత్రిపూట. ప్రొప్రానొలాల్ కూడా బీపీ మందే. ఒకే మందు రెండు మూడు జబ్బులకు పనికొస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. ఆస్తమా ఉంటే ప్రొప్రానొలాల్ వద్దు. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండిపోవడం, పొద్దున మత్తు, బరువు పెరగడం ఉంటాయి. ఫ్లూనరిజిన్‌తో కూడా బరువు పెరుగుతుంది, మనసు దిగులుగా మారొచ్చు, పెద్దవాళ్లలో వణుకు రావచ్చు. టోపిరమేట్ బరువు తగ్గిస్తుంది కానీ వేళ్లు తిమ్మిర్లు పడతాయి, కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లకు మంచిది కాదు, మాట్లాడుతూ మాట్లాడుతూ మాట గుర్తుకు రాదు (లెక్కలు రాసే దాన్ని, "బకాయి" అన్న మాట కోసం ఒకరోజు నిమిషం సేపు వెతుక్కున్నాను). పిల్లల్ని కనాలనుకునేవాళ్లకు టోపిరమేట్, వాల్ప్రోయేట్ (ఇదీ నొప్పి రాకుండా రాసే మందే) రెండూ ప్రమాదమే, కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. పెళ్లి కుదిరిన అమ్మాయికి ఇవి రాస్తే ఆ విషయం డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి, సిగ్గుపడే సంగతి కాదు.

నెర్వ్ బ్లాక్

అమ్మ భయం దగ్గర మొదలుపెడతా. తలనొప్పికి ఎక్కువగా ఇచ్చేది తల వెనక, పుర్రె ఎముక మీద, చర్మం కింద ఉండే ఒక నరం దగ్గర. దాని పేరు గ్రేటర్ ఆక్సిపిటల్ నర్వ్. మెడలో రెండో వెన్నుపూస దగ్గర పుట్టి మాడు దాకా స్పర్శను మోసే నరం అది, చెయ్యి కాలు కదిలించే పని దానికి లేదు. సూది పుర్రె బయటే ఉంటుంది, మెదడు జోలికి పోదు. నొప్పి నుదుటి మీదైతే వెనక ఇంజెక్షన్ ఎందుకు అని నేనూ అడిగాను. ముఖం, నుదురు నుంచి వచ్చే నరాలూ, మెడ పైభాగం నుంచి వచ్చే నరాలూ మెదడు కింది భాగంలో ఒకేచోట కలుస్తాయట, అందుకని వెనక ఒకదాన్ని ఊరుకోబెడితే ముందున్నదీ కొంత ఊరుకుంటుంది.

ఒక జాగ్రత్త. "నెర్వ్ బ్లాక్" అనే ఒక్క పేరుతోనే మెడ వెన్నుపూసల కీళ్ల దగ్గర, వెన్ను దగ్గర ఇచ్చే ఇంజెక్షన్లనూ పిలుస్తారు. అవి ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఇచ్చేవి, వాటి ప్రమాదం, ఖర్చు వేరు. "ఏ నరానికి సార్?" అన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

వేసేటప్పుడు ఇలా ఉంటుంది. బల్ల మీద దిండు, దిండు మీద నుదురు ఆనించి కూర్చోమంటారు. జడ పైకెత్తి పట్టుకోమని పక్కన సిస్టరుకు చెప్తారు. డాక్టరు బొటనవేలితో తల వెనక మధ్యలో ఉన్న బొడిపె నుంచి చెవి వెనక ఎముక వైపు జరుపుకుంటూ, నొక్కుకుంటూ వస్తారు, ఒకచోట నొక్కగానే కంటి దాకా జివ్వుమంటుంది, "అదే సార్" అన్నాను. చల్లగా స్పిరిట్, చురుక్కుమని సూది, తర్వాత మందు ఎక్కుతుంటే చర్మం కింద ఎవరో గోలీ పెట్టి అదుముతున్నట్టు. రెండు వైపులా కలిపి అయిదు నిమిషాలు పట్టలేదు. పావుగంటకు తల వెనక భాగం నాది కాదన్నట్టు అయిపోయింది, దువ్వెన పళ్లు చప్పుడు వినిపిస్తోంది కానీ తగలడం లేదు.

మందు లిడోకైన్ గానీ బుపివకైన్ గానీ, పంటి డాక్టరు దగ్గర మొద్దుబారడానికి వేసే జాతివి. కొందరు స్టెరాయిడ్ కలుపుతారు. మొద్దుబారడం కొన్ని గంటల్లో పోతుంది, ఉపశమనం మాత్రం కొందరికి రోజులు, కొందరికి వారాలు, అదృష్టవంతులకు ఒకటి రెండు నెలలు. కొందరికి అసలు పనిచేయదు. మైగ్రేన్ మీద చేసిన పరిశోధనల్లో కొన్ని బాగా పనిచేసిందన్నాయి, కొన్నిటిలో ఉత్తుత్తి ఇంజెక్షన్‌కీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు, కాబట్టి గ్యారంటీ ఇచ్చే డాక్టరు దొరికితే కాస్త అనుమానించండి.

ఇబ్బందులు చాలావరకు చిన్నవే: సూది చోట రెండు రోజులు నొప్పి, కళ్లు తిరగడం, కొందరు అక్కడే సొమ్మసిల్లడం. స్టెరాయిడ్ కలిపితే ఆ చోట వెంట్రుకలు ఊడి రూపాయి బిళ్లంత ఖాళీ రావచ్చు, చర్మం గుంట పడొచ్చు, షుగరు పెరగొచ్చు. మైగ్రేన్‌లో స్టెరాయిడ్ కలపడం వల్ల అదనంగా మేలు జరుగుతుందని గట్టిగా తేలలేదు. క్లస్టర్ తలనొప్పిలో (ఒకే కన్ను వెనక పొడిచే నొప్పి, దాని గురించి కింద చెప్తా) మాత్రం స్టెరాయిడే అసలు మందు. ఈ తేడా తెలుసుకోకుండా వెళ్లకూడదని నాకు ఒంగోలులో ఉండే మా పెద్దమ్మ కూతురిని చూశాక అర్థమైంది. ఒకచోట ఆమెకు షుగరు ఉందా అని అడగకుండానే స్టెరాయిడ్ కలిపి వేశారు, 160 ఉండే షుగరు మూడో రోజుకు 310. తలనొప్పి తగ్గిందని సంతోషించాలో, ఇన్సులిన్ కోసం పరిగెత్తాలో తెలియలేదు పాపం.

ఇక నా దండగ ఇంజెక్షన్ సంగతి. మొదటిసారి వేసినచోట నెలకు ఎన్ని మాత్రలు మింగుతున్నావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎనిమిది రోజులు హాయిగా ఉంది. ఆ ఎనిమిది రోజులూ "ఎందుకైనా మంచిది" అని మాత్ర మింగుతూనే ఉన్నాను! తొమ్మిదో రోజు మళ్లీ మొదలు. రెండోసారి ఇంకో డాక్టరు క్యాలెండర్ చూసి, ముందు నొప్పి మాత్రలు ఆపాలి, ఆపితే మొదటి రెండు నుంచి పది రోజులు నరకంగా ఉంటుంది, ఆ రోజులు దాటించడానికి ఇంజెక్షన్, అదే రోజు నుంచి రాత్రికి రోజువారీ మాత్ర, అని వరస చెప్పారు. ఇంజెక్షన్ బలం నాలుగు వారాలు ఉంది, అది తగ్గే వేళకు మాత్ర అందుకుంది. మూడో నెల క్యాలెండర్‌లో 7 సున్నాలు.

అందుకే నన్నడిగితే ఈ ఇంజెక్షన్ వర్షాకాలంలో వాగు మీద వేసే తాటి దుంగ లాంటిది. అవతల గట్టు మీద ఏముందో చూసుకోకుండా ఎక్కితే మళ్లీ వెనక్కే రావాలి.

బొటాక్స్, నెలనెలా ఇంజెక్షన్లు

బొటాక్స్ అంటే సినిమావాళ్ల ముడతల మందు అనుకుంటారు గానీ, దీర్ఘకాలిక మైగ్రేన్‌కు దీన్ని అమెరికాలో 2010లోనే అనుమతించారు. నుదురు, కణతలు, తల వెనక, మెడ, భుజాలు కలిపి 31 చోట్ల, మొత్తం 155 యూనిట్లు, 12 వారాలకు ఒకసారి. రెండు మూడు విడతలు అయితే గానీ పనిచేస్తుందో లేదో చెప్పలేం. నెలకు 15 రోజులు నిండని వాళ్లకు ఇది కాదు. ఖర్చు ఒక్కో విడతకు పదుల వేలల్లో ఉంటుంది. మెడ నొప్పి, కనురెప్ప కొంచెం జారడం లాంటివి వస్తాయి, కొన్ని వారాల్లో పోతాయి.

మైగ్రేన్ నొప్పిని రేపే సీజీఆర్పీ అనే పదార్థాన్ని అడ్డుకునే కొత్త ఇంజెక్షన్లు 2018 నుంచి వచ్చాయి. ఇవి మైగ్రేన్ కోసమే తయారైనవి, చాలావరకు నెలకొకసారి ఇన్సులిన్‌లా చర్మం కింద వేసుకోవడమే, దుష్ప్రభావాలు తక్కువ, ఎక్కువగా మలబద్ధకం, సూది చోట ఎర్రబడటం. ధర చూస్తే మాత్రం ఇంకో తలనొప్పి వస్తుంది. గర్భిణులకు ఇవ్వరు.

| దారి | ఎప్పటికి తెలుస్తుంది | ఎంతకాలం ఉంటుంది | ఖర్చు | ముందే ఆలోచించాల్సిన వాళ్లు |
|---|---|---|---|---|
| అవసరానికి మాత్ర | గంట, రెండు గంటలు | ఆ పూటకు | చాలా తక్కువ | నెలకు 10 రోజులు మించినవాళ్లు, అల్సర్, కిడ్నీ జబ్బు |
| రోజువారీ మాత్రలు | 6 నుంచి 12 వారాలు | వాడినంతకాలం | తక్కువ | ఆస్తమా, గర్భం, కిడ్నీ రాళ్లు (మందును బట్టి) |
| నెర్వ్ బ్లాక్ | నిమిషాల నుంచి రెండు మూడు రోజులు | రోజుల నుంచి వారాలు | మధ్యస్తం, మందు చౌకే | రక్తం పలచబడే మందులు, షుగరు (స్టెరాయిడ్ ఉంటే), తల వెనక ఆపరేషన్ అయినవాళ్లు |
| బొటాక్స్ | 3 నుంచి 9 నెలలు | 12 వారాలు | ఎక్కువ | గర్భం, కండరాల బలహీనత జబ్బులు |
| సీజీఆర్పీ ఇంజెక్షన్ | నెల నుంచి మూడు నెలలు | నెల | చాలా ఎక్కువ | గర్భం, గుండె జబ్బు ఉన్నవాళ్లు అడిగి తీరాలి |

మీరెవరైతే ఏది

నొప్పి మాత్రలు రోజూ మింగేవాళ్లకు పైన చెప్పిన వరసే: మాత్రలు ఆపడం, బ్లాక్, రోజువారీ మందు, మూడూ ఒకేసారి. బ్లాక్ ఒక్కటే అయితే నాలాగే అవుతుంది.

తల వెనక నుంచి మాడుకు కరెంటు షాకు కొట్టినట్టు పోటు వచ్చి, క్షణాల్లో పోయి, మళ్లీ వచ్చేవాళ్లది మైగ్రేన్ కాకపోవచ్చు, ఆ నరానిదే జబ్బు కావచ్చు. వాళ్లకు బ్లాక్ వైద్యమూ అవుతుంది, పరీక్షా అవుతుంది, ఎందుకంటే మందు పడగానే నొప్పి ఆగితే జబ్బు అదేనని తేలుతుంది. నేనైతే వాళ్లను ఎక్కువ ఆలోచించొద్దనే చెప్తాను.

ఒకే కన్ను వెనక పొడిచినట్టు నొప్పి, ఆ కన్ను ఎర్రబడి నీళ్లు కారడం, ముక్కు ఒకవైపే మూసుకుపోవడం, పావుగంట నుంచి మూడు గంటలు, తరచుగా రోజూ అదే టైముకి, కూర్చోలేక గదిలో అటూ ఇటూ తిరగడం: ఇది క్లస్టర్. చీమకుర్తి రాయి తోలే లారీ డ్రైవరు ఒకాయన మా వీధిలో ఉండేవాడు, రాత్రి రెండింటికి లేచి గోడకు తల కొట్టుకునేవాడు, ఇంట్లోవాళ్లు గాలి సోకిందని దర్గాకు, గుడికి తిప్పారు. క్లస్టర్ వాళ్లకు స్టెరాయిడ్ కలిపిన బ్లాక్‌కు గట్టి ఆధారం ఉంది, నొప్పి వచ్చినప్పుడు మాస్కుతో ఆక్సిజన్ పీల్చడం కూడా పనిచేస్తుంది.

గర్భిణులకు మాత్రల్లో సగం పనికిరావు కాబట్టి స్టెరాయిడ్ లేని లిడోకైన్ బ్లాక్ మంచి దారే, గైనకాలజిస్టుకు చెప్పి వేయించుకోవాలి. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందు వాడే పెద్దవాళ్లు ఆ మందును సొంతంగా ఆపి వెళ్లొద్దు, ఆపాలో వద్దో రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. పరీక్షల ముందు ఇంటర్ పిల్లలకు ఒక బ్లాక్ వేయించేస్తే పోతుంది కదా అని అడిగే తల్లిదండ్రులకు నా మాట: ముందు నిద్ర, టిఫిను, కళ్లద్దాల సంగతి చూడండి.

దూరం కూడా లెక్కే. బ్లాక్ కోసం చెన్నై దాకా వెళ్లక్కర్లేదు, నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో న్యూరాలజిస్టు గానీ నొప్పుల వైద్యం చేసే మత్తు డాక్టరు గానీ వేస్తారు. బొటాక్స్ అయితే మైగ్రేన్‌కు వేసిన అనుభవం ఎంత ఉందని అడిగి, అవసరమైతే చెన్నైకి పినాకిని రైలు ఎక్కడమే నయం.

వెళ్లే రోజు

మందు పేరు, స్టెరాయిడ్ ఉందా లేదా, మళ్లీ ఎప్పుడు వేయొచ్చు (స్టెరాయిడ్ ఉంటే మామూలుగా మూడు నెలలైనా ఆగమంటారు), ఇది పనిచేసే వారాల్లో నేను ఏ మందు మొదలుపెట్టాలి, ఏది ఆపాలి. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోని వెళ్లండి, లోపలికెళ్లాక గుర్తుండవు. మత్తు ఇంజెక్షన్ పంటి దగ్గర ఎప్పుడైనా పడకపోయి ఉంటే ముందే చెప్పండి. ఇడ్లీ అయినా తిని వెళ్లండి, ఖాళీ కడుపుతో వెళ్లినవాళ్లే ఎక్కువ కళ్లు తిరిగి పడతారు. స్కూటీ మీద ఒక్కరే వెళ్లొద్దు. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. జ్వరం వచ్చినా, సూది చోట ఎర్రగా వాచినా ఫోన్ చేయాలి.

తలకు నూనె ముందు రోజు రాత్రి పెట్టుకోవద్దు, జారుతుందని సిస్టరు విసుక్కుంటారు. ఇంటికొచ్చాక మొద్దుబారిన చోట వేడినీళ్లు పోసుకోవద్దు, కాలినా తెలియదు. నేను పోసుకున్నాను, సాయంత్రం మత్తు దిగాక తెలిసింది.